అత్తకి గుండె, మామకి లివర్

కోడలు తన కాళ్ళ వంక చూస్తోందని కోటిరత్నానికి ఆ పొద్దున మళ్ళీ అనిపించింది.

కాఫీ గ్లాసు చేతికిచ్చి పోతే సరిపోయేది. శ్రీరమ్య పోలేదు. అత్తగారి చీలమండల దగ్గర చూపు ఆపి, పెదవులు మాత్రం కదిలించి ఏదో అనుకుని, ఆ తర్వాత లోపలికి వెళ్ళింది. దిష్టి పెట్టేవాళ్ళు మొహం చూస్తారు, మెడలో గొలుసు చూస్తారు. కల్లంలో తిరిగీ తిరిగీ పగుళ్ళిచ్చిన ఈ కాళ్ళలో ఏముందని చూస్తోంది? కోటిరత్నం కుచ్చిళ్ళు కిందికి లాక్కుని కాళ్ళు మంచం కిందికి పెట్టుకుంది. కాఫీ వాసన చూసింది. బాగానే ఉంది. అయినా సగం తాగి, మిగతా సగం జామచెట్టు మొదట్లో పోసింది.

అనుమానం ఆమెకి పుట్టుకతో వచ్చింది కాదు, మిరపకాయలతో వచ్చిందంటాడు ఆమె భర్త పానకాలు. పైన ఎర్రగా నిగనిగలాడే కాయలు పోసి, అడుగున తెల్లబడ్డ తాలుకాయలు కూరిన బస్తాల్ని చూసీ చూసీ, మనుషుల్ని కూడా అడుగుదాకా చెయ్యి పెట్టి చూడందే ఆమె నమ్మదు.

దానికి తోడు మాట పట్టింపు. ఆ ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గడప దాటేవాళ్ళు ‘వెళ్తున్నా’ అనకూడదు, ‘వెళ్ళొస్తా’ అనాలి. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, నోటి నుంచి ఏ మాట జారినా తథాస్తు అనేసి పోతారనీ కోటిరత్నం గట్టి నమ్మకం. ఒకసారి పానకాలు ‘ఈ ఏడు ముడత తెగులు రాకపోతే ఒట్టు’ అని వేళాకోళమాడితే, ఆ వారంలోనే చేనంతా ముడుచుకుపోయింది. అప్పటినుంచీ ఆయన చేలో కూడా ఆచి తూచి మాట్లాడుతున్నాడు.

శ్రీరమ్యది వినుకొండ అవతల చిన్న పల్లె. తల్లి లేని పిల్ల. పెళ్ళి నాటికే గుంటూరులో నర్సింగు చదువుతోంది. పెళ్ళయ్యాకా చదివిస్తానని, కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా పనిచేసే శ్రీకృష్ణ మాటిచ్చాడు. చదివించాడు కూడా. కానీ మొన్నటి పరీక్షల్లో అన్నిటికంటే పెద్ద పేపరు, మెడికల్ సర్జికల్ అనేది, తప్పింది.

“ఇంకొక్కసారి రాయి. అదీ పోయిందంటే పుస్తకాలు అటకెక్కించి కల్లంలోకి రా,” అని కోటిరత్నం తేల్చి చెప్పింది. శ్రీకృష్ణ కాదనలేకపోయాడు. రమ్య తల వంచుకుని సరేనంది. ఆ ఒక్కసారి రాబోయే వారమే.

ఇంత పరీక్ష నెత్తి మీద పెట్టుకుని అత్తగారి కాళ్ళు చూడటమేమిటని కోటిరత్నం బాధ.

ఆ రోజు రెండో శనివారం, రమ్యకి కాలేజీ సెలవు. మధ్యాహ్నం ముద్దపప్పులో ఉప్పు లేదు.

“ఏందమ్మాయ్ ఇదీ? ఉప్పు మర్చిపోయావా?”

“వేశానత్తయ్యా. కొంచెం తగ్గించి వేశాను.”

“ఎందుకు తగ్గించావ్?”

రమ్య తడబడింది. “పరధ్యానంలో... చెయ్యి అట్టా తగ్గిపోయింది.”

కోటిరత్నం గోంగూర పచ్చడి జాడీ వైపు చెయ్యి చాపింది. ఆ చెయ్యి చేరేలోపే కోడలి చెయ్యి వెళ్ళి జాడీని పక్కకి జరిపింది. జరిపాక తనే ఉలిక్కిపడి, మళ్ళీ దగ్గరికి నెట్టింది. గుంటూరు సీమలో అత్తగారి ముందునుంచి గోంగూర జాడీ జరిపిన కోడలు ఇంతవరకూ పుట్టలేదు.

భోజనాలయ్యాక కల్లంలో పట్టాల మీద కాయలు తిరగేస్తుంటే ఘాటుకి దగ్గు వచ్చింది. మంచినీళ్ళు తెచ్చిన రమ్య చెంబు ఇవ్వకుండానే అడిగింది.

“పొడి దగ్గా అత్తయ్యా, తెమడ పడుతోందా? పడుకుంటే ఎక్కువవుతోందా?”

“మిరపకాయల్లో కూర్చుని దగ్గక పాటలు పాడతారా? ముందు నీళ్ళిటు తే!”

రమ్య సిగ్గుపడి వెళ్ళిపోయింది. కోటిరత్నం మాత్రం ఆ వీపు వంకే చూస్తూ కూర్చుంది. పక్కనే తాలుకాయలు ఏరుతున్న అమీర్‌బీ నవ్వింది. ఆమెది పక్కిల్లు. కాపురాలకొచ్చిన కొత్తల్లోంచీ ఇద్దరికీ స్నేహం.

“కోడలు దగ్గు గురించి అడిగినా తప్పేనా వదినా?”

“నీకు తెలవదులే. ఏందో ఉంది. ఆ పిల్ల చూపు తిన్నగా లేదు.”

ఆ ‘ఏందో’ సాయంత్రానికి బయటపడింది.

వరండా వెనక బస్తాలు వేసే గది ఉంది. ఘాటుకి ఎవరూ అటు పోరు. అందుకే రమ్య అక్కడ కూర్చుని చదువుకుంటుంది. కోటిరత్నం గోనెపట్టా కోసం వెళ్ళి, తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపలినుంచి కోడలి గొంతు, ఎక్కాలు అప్పజెప్పినట్టు వినిపిస్తోంది.

“అత్తకి గుండె. మామకి లివర్. ఆయనకి షుగర్. అత్తకి గుండె. మామకి లివర్. ఆయనకి షుగర్.”

కోటిరత్నం తలుపుకి చెవి ఆనించింది.

“అత్తయ్యకి ముందు కాళ్ళు వాస్తాయి. వేలితో నొక్కితే గుంట పడుతుంది. తర్వాత ఆయాసం. పడుకోలేదు, లేచి కూర్చుంటుంది. దగ్గు వస్తుంది. మామయ్యకి కళ్ళు పచ్చబడతాయి. పొట్టలో నీరు చేరుతుంది. మాట తడబడుతుంది. ఆయనకి కాలి బొటనవేలికి దెబ్బ తగులుతుంది. షుగర్ కదా, నొప్పి తెలీదు. పుండు పడుతుంది. మానదు. వేలు నల్లగా...”

ఇక వినలేకపోయింది కోటిరత్నం. రెండు చెవులూ మూసుకుని, గోనెపట్టా సంగతి మర్చిపోయి, పెరట్లోకి వచ్చిపడింది. గుండె దడదడ కొట్టుకుంది. గుండె! అది కూడా అత్తకే అంది కదా.

ఆ సాయంత్రం శ్రీకృష్ణ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పీ విప్పకముందే తల్లి ఎదురొచ్చింది.

“ఏదీ, కాలు చూపించు.”

“ఎందుకమ్మా?”

“చూపించరా అంటే! బొటనవేలు.”

వేలు నిక్షేపంగా ఉంది. గోరు పెరిగింది, అంతే. గిల్లి చూసింది. వాడు “అబ్బా” అన్నాడు. నొప్పి తెలుస్తోంది, బతికించావు దేవుడా అనుకుంది. తర్వాత మొగుడి కళ్ళలోకి చూసింది. పచ్చగా లేవుగానీ ఎర్రగా ఉన్నాయి, కారం పడి. ఆ పైన దొడ్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా, తన కాళ్ళు తనే వేలితో నొక్కి నొక్కి చూసుకుంది. గుంట పడిందా, అది పగులా అన్నది తేలలేదు.

గోడ అవతల అమీర్‌బీ బట్టలు తీస్తుంటే పిలిచి చెప్పింది.

“రోగాలుండి మన దగ్గర దాస్తోందో, లేని రోగాలు రప్పిస్తోందో అర్థం కావట్లా. మొత్తం మీద ఆ పిల్ల నోట్లో మా ఇంటిల్లిపాదీ ఉన్నారు.”

“అడిగితే పోద్దిగా వదినా?”

“అడిగితే చెబుద్దా?”

“చెప్పకపోతే అప్పుడు అనుమానపడు. ముందే ఎందుకూ?”

అమీర్‌బీకి లోకం తెలీదని కోటిరత్నం అభిప్రాయం. ఆ పూట కోడలు వండింది తినలేదు. ఉపవాసమంది.

“ఇయ్యాళ ఏ దేవుడికి?” అడిగాడు పానకాలు, ముద్ద కలుపుతూ.

“అందరికీ,” అంది కోటిరత్నం.

ఉపవాసం మనిషిని శాంతపరుస్తుందంటారు. ఆమెని శాంతపరచలేదు. మర్నాడు ఆదివారం. కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. టిఫిన్లవగానే కోటిరత్నం హాల్లో కుర్చీ నడిమధ్యకి లాక్కుని కూర్చుంది. ఆ కుర్చీ అట్లా జరిగిందంటే పంచాయితీ అన్నమాట.

“అమ్మాయ్, ఇట్రా. ఎవరికి ఏ రోగం పెట్టావో మీ ఆయన ముందు చెప్పు.”

రమ్య చేతిలో పళ్ళెం ఆగిపోయింది. మొహం పాలిపోయింది. ఆ పాలిపోవడం చూసి కోటిరత్నానికి తన అనుమానం నిజమైందన్న తృప్తి, నిజమైందన్న భయం రెండూ ఒక్కసారే కలిగాయి.

“విన్నారా అత్తయ్యా?”

“విన్నా. గుండె, లివర్, షుగర్. ఏదీ మళ్ళీ చెప్పు, మీ ఆయన కూడా వింటాడు.”

శ్రీకృష్ణ పేపరు పక్కన పెట్టాడు. “ఏందమ్మా ఇది? ఏంది రమ్యా?”

రమ్య పళ్ళెం కింద పెట్టి, గోడకి ఆనుకుని, నెమ్మదిగా మొదలుపెట్టింది. “నేను తెలుగు మీడియం కదండీ. మొన్నటిదాకా ఆ పుస్తకం మొత్తం బట్టీ పట్టాను. ముఖ్యమైన ముక్క కనపడితే పసుపురంగు పెన్నుతో గీసేదాన్ని. చివరికి పేజీలన్నీ పసుపు పూసినట్టయ్యాయి. ఏది ముఖ్యమో నాకే తెలీలేదు. పరీక్ష పోయాక షారోన్ మేడం పిలిచి ఒక పేజీ అడిగారు. గడగడా అప్పజెప్పా. ‘సరే, అంటే ఏంటి?’ అన్నారు. నోరు పెగల్లేదు.”

“దానికీ మా ఒంటికీ ఏంది సంబంధం?”

“శనివారాలు మాలాంటి వాళ్ళని కూర్చోబెట్టి చదవడం నేర్పిస్తున్నారత్తయ్యా. చదివే ముందు హెడ్డింగులు చూసి, ఇందులో ఏం చెబుతాడో ఊహించుకోమంటారు. చదివాక పుస్తకం మూసెయ్యమంటారు. మూసేసి, మీకు బాగా తెలిసిన మనిషిని ఆ మంచం మీద పడుకోబెట్టుకుని, ఆ మనిషికి ఏమవుతుందో మీ తెలుగులో మీరు చెప్పుకోండి అంటారు. పుస్తకంలో పేషెంటుకి మొహం ఉండదు, మొహం ఉంటే మర్చిపోరు అని.” గొంతు తగ్గింది. “నాకు బాగా తెలిసినవాళ్ళు మీరేగా.”

పానకాలు కుర్చీలో ముందుకి జరిగాడు. “అయితే నాకు లివరా? లివరంటే తాగుబోతులకొచ్చేదేగా? నేనెప్పుడు తాగానమ్మాయ్?”

కోటిరత్నం మొగుడి వంక చూసింది. అది ఇంకో అనుమానం, దాన్ని తర్వాతికి దాచుకుంది.

“తాగకపోయినా రావచ్చు మామయ్యా. మీకు కొంచెం పొట్ట ఉంటేనూ... గుర్తుంటుందనీ...”

శ్రీకృష్ణకి నవ్వు ఆగలేదు. తల్లి మొహం చూసి ఆపుకున్నాడు.

“నవ్వకురా! నీ కాలివేలు నల్లబడుద్దని చెబుతోంది, నవ్వుతావేంది?” కోటిరత్నం లేచి నిలబడింది. “ఈ ఇంట్లో దీపం కొండెక్కిందంటామే గానీ ఇంకో మాట అనం. అట్టాంటిది పొద్దస్తమానం పేరుపేరునా రోగాలు పిలుస్తోంది. పైన ఎవరన్నా వింటే? తథాస్తంటే? పప్పులో ఉప్పెందుకు తగ్గిందో ఇప్పుడు తెలిసింది. నన్ను అప్పుడే మంచాన పడేసింది!”

“అది చెయ్యి అలవాటులో పోయిందత్తయ్యా, నిజంగా. చదివిందంతా ఒంట్లోకి దిగిపోతోంది. మొదటిసారి నాకు చదువు అర్థమవుతోంది.”

“మా ఒంటి మీద కాకపోతే నీకు చదువెక్కదా? రోగాలు పెట్టుకోడానికి మీ పుట్టింటివాళ్ళు లేరా?”

ఆ మాటకి రమ్య తలెత్తింది. పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళబోయిన శ్రీకృష్ణని తల్లి ఆపింది.

“ఈ చదువిక చాలు. పుస్తకాలు అటకెక్కించమను.”

“పరీక్ష వారంలో ఉందమ్మా!”

“మనుషులుంటే పరీక్షలు ఎన్నైనా ఉంటాయి.”

రమ్య ఎదురు చెప్పలేదు. ఆ సాయంత్రమే పుస్తకాలు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, మర్నాడు కాలేజీకి వెళ్ళకుండా చీర కొంగు నడుముకి దోపుకుని కల్లంలో దిగింది. పోట్లాడి ఉంటే కోటిరత్నానికి నిద్ర పట్టేది. కిక్కురుమనకుండా ఒప్పుకునేసరికి మళ్ళీ అనుమానం పట్టుకుంది. అంత ఇష్టమైన చదువుని అంత తేలిగ్గా ఎవరన్నా వదులుకుంటారా? ఆ షారోన్ ఎవరు? శనివారం క్లాసు నిజమేనా? బస్తా పైన చూసి ఊరుకుంటే ఎట్లా, అడుగుదాకా చెయ్యి పెట్టాల్సిందే. గుంటూరులో పనుందని చెప్పి, కాలేజీ ఉన్న నల్లపాడు వైపు పోయే ఆటో ఎక్కింది.

కాలేజీ మేడ మీద ఉంది. పరీక్షలు దగ్గరపడ్డాయని ఆ క్లాసు రోజూ పెడుతున్నారట. మెట్లెక్కి గుమ్మం దగ్గర నిలబడేసరికి లోపల సంత గోల. అమ్మాయిలు ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, పుస్తకాలు మూసి ఒళ్ళో పెట్టుకుని, చేతులు తిప్పుతూ చెప్పుకుంటున్నారు.

“మా బాబాయికి పచ్చకామెర్లు...”

“మా పెద్దమ్మకి ఉబ్బసం, ఈల వేసినట్టు ఊపిరి...”

“మా మేనత్తకి థైరాయిడు, అందుకే ఆ కోపం...”

ఆ గదిలో ఎవరి ఇంట్లోవాళ్ళూ సుఖంగా లేరు. కోటిరత్నం పైకి చూసింది. తథాస్తు దేవతలు ఎవరికని అంటారు, పాపం? ఊపిరి సలపదు.

తెల్లచీర కట్టుకున్న నడివయసు ఆవిడ లేచి వచ్చింది. “ఎవరు కావాలమ్మా?”

“షారోన్ మేడం గారు...”

“నేనే.”

“నేను శ్రీరమ్య అత్తగార్ని.”

అమ్మాయిలంతా ఒక్కసారిగా ఆమె వంక తిరిగారు. మొదటి వరుసలో కూర్చున్న మహిమ అనే అమ్మాయి లేచి నిలబడి, కళ్ళు పెద్దవి చేసుకుని అంది.

“గుండె ఆంటీ!”

గదంతా కిలకిల. మహిమ పరుగున వచ్చి కుర్చీ వేసింది. “కూర్చోండాంటీ. మెట్లెక్కి వచ్చారా? ఆయాసం రాలా? మీ గురించి మాకు మొత్తం తెలుసు. మీకు తల కింద ఎత్తుగా దిండ్లుండాలి. కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చోబెట్టాలి.”

“నాకే రోగమూ లేదమ్మాయ్!” అంది కోటిరత్నం, మండిపడుతూ.

“ఉండదుగా ఆంటీ. రమ్య మిమ్మల్ని డిశ్చార్జ్ చేసేసింది.”

“ఏం చేసింది?”

“డిశ్చార్జ్. నయమై ఇంటికి పంపించేసింది. మేమంతా పేషెంటుకి ఏమవుతుందో చెప్పి ఊరుకుంటాం. రమ్య అట్టా కాదు, ఇంటికి పంపేదాకా చెబుతుంది. వాళ్ళ మామయ్య గారు, అదే అంకుల్, పొట్ట తగ్గి పొలం వెళ్ళారు. శ్రీకృష్ణ అన్నయ్యకి వేలు తీసే అవసరం రాలేదు, రోజూ పుండు కడిగి కట్టు కట్టింది. ఇక మీ చాప్టరైతే మాకు నోటికొచ్చు.” మహిమ రమ్య గొంతు అనుకరించింది. “‘అత్తయ్యకి ఉప్పు తగ్గించాలి. కానీ పచ్చడి లేందే మా అత్తయ్యకి ముద్ద దిగదు. కాబట్టి నిమ్మకాయ పిండి ఒప్పించాలి. కసరకూడదు, కసిరితే అలుగుతుంది. ఆయాసం వచ్చినప్పుడు భయపడుతుంది, పైకి చెప్పదు, మాట మారుస్తుంది. అప్పుడు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలి.’”

కోటిరత్నం మహిమ వేసిన కుర్చీలో కూర్చుంది. భయపడితే మాట మారుస్తానని ఆ పిల్లకెవరు చెప్పారు? ముప్పై ఏళ్ళ పైగా కాపురం చేసిన పానకాలుకే ఆ సంగతి తెలీదు. తలుపు దగ్గర చెవి ఆనించి రోగం పెట్టిన దాకా విన్నది తను. తగ్గించిన దాకా విననే లేదు.

షారోన్ మేడం అమ్మాయిల్ని పనిలో పెట్టి, కోటిరత్నాన్ని వరండాలోకి తీసుకెళ్ళింది.

“ఈరోజు రాలేదేమమ్మా రమ్య? ఈ వారమే ముఖ్యం. అన్నీ వచ్చేశాయి ఆ పిల్లకి. ఒక్క చాప్టరు దగ్గరే ఆగిపోతోంది. మొన్న పెద్ద ప్రశ్న అదే, ఒక్క అక్షరం రాయకుండా వదిలేసి వచ్చింది. ఈసారీ అదే వస్తే మళ్ళీ పోతుంది.”

“ఏందండీ ఆ చాప్టరు?”

“కిడ్నీ ఫెయిల్యూరు. ఎవరినన్నా పడుకోబెట్టుకోవే అంటే తల వంచేసుకుంటుంది. ‘మా ఇంట్లో ఇంకెవరూ మిగల్లేదు మేడం, అందరికీ తలా ఒకటి ఇచ్చేశా’ అంటుంది. ఇచ్చినవాళ్ళకే ఇంకోటివ్వు అన్నా వినదు. ఎందుకో మీకేమన్నా తెలుసా?”

కోటిరత్నానికి తెలుసు. పెళ్ళిచూపుల నాడు మధ్యవర్తి చెప్పాడు. తల్లికి కిడ్నీలు పాడయ్యాయనీ, ఇంటర్ చదువుతూనే ఈ పిల్ల ఆవిణ్ణి డయాలసిస్ కోసం గుంటూరు తిప్పిందనీ, ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఆవిడ తిరిగి రాలేదనీ. విని తను అడిగిందొకటే. ‘ఆ జబ్బు వంశంలో ఉందా?’ అని. తల్లి పోయిన పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎట్లా ఉన్నావమ్మా అనలేదు. ఇన్నాళ్ళలో ఒక్కసారీ అడగలేదు. పైగా నిన్న, రోగాలు పెట్టుకోడానికి పుట్టింటివాళ్ళు లేరా అంది. అశుభం పలకకూడదని ఊరందరికీ చెప్పే నోరది! ఆ మాట తలుచుకునేసరికి కోటిరత్నానికి తన మీద తనకే అసహ్యం వేసింది. కళ్ళు చెమర్చాయి.

“ఆ మంచం ఖాళీగా లేదమ్మా,” అంది షారోన్ మేడంతో. “నేను చూసుకుంటా.”

ఇంటికి వచ్చేసరికి ఎండ వాలింది. రమ్య కల్లంలో కాయలు కుప్ప చేస్తోంది. కోటిరత్నం చెప్పులు విప్పి తిన్నగా వరండాలోకి వెళ్ళింది.

“ఇదుగో, ఆ అటక మీద మూట దించు,” అంది మొగుడితో.

“ఎక్కించింది నిన్ననేగా?” అన్నాడు పానకాలు.

“దించమంటే దించు. అడుగుతావేంది!”

ఆమె నులకమంచం వాల్చుకుని, దాని మీద వెల్లకిలా పడుకుంది. పట్టపగలు అత్తగారు మంచమెక్కడం రమ్య ఎన్నడూ ఎరగదు. కారం చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

“ఏమైందత్తయ్యా? ఆయాసంగా ఉందా? గుండె దగ్గర ఏమన్నా...”

“గుండె కాదు,” అంది కోటిరత్నం. “కిడ్నీ.”

రమ్య ఒక అడుగు వెనక్కి వేసింది.

“చేతులు కడుక్కుని రా. పుస్తకం తెచ్చుకో. ఆ రోగం నాకు పెట్టు.”

“వద్దత్తయ్యా. అది నేను చెప్పలేను.”

“తెలుసు. మీ మేడాన్ని కలిసే వస్తున్నా.” కోటిరత్నం మోచేతి మీద లేచింది. “అక్కడ మీ అమ్మని పడుకోబెట్టి ఉంచావు నువ్వు. ఇన్నేళ్ళనుంచీ ఆ తల్లి ఆ మంచం మీదే ఉంది. పుస్తకం తెరిచినప్పుడల్లా ఆవిడకి మళ్ళీ మొదటినుంచీ జబ్బు చేస్తోంది. ఎన్నిసార్లు పడుద్దమ్మా ఆ కష్టం? ఇక లేవనీ ఆవిణ్ణి. ఆ మంచం మీద నేను పడుకుంటా.”

రమ్య మంచం కోడు పట్టుకుని కూలబడింది. తల్లి పోయినప్పుడు కూడా చుట్టాల మధ్య అణుచుకున్న ఏడుపునంతా ఇప్పుడు అత్తగారి మోకాళ్ళ మీద తల పెట్టుకుని బిగ్గరగా ఏడ్చేసింది. కారం చేతులని కళ్ళు తుడుచుకోడానికి కూడా వీల్లేదు. కోటిరత్నమే తన కొంగుతో తుడిచింది.

“నిన్న పాపిష్టి మాటన్నాను. నీ పుట్టింటి గురించి. అది మనసులో పెట్టుకోకు. నీకు మొహం చూపించడానికి సిగ్గుపడే ఇట్టా పడుకున్నా, అనుకో.”

“మరి... తథాస్తు దేవతలు?” అంది రమ్య వెక్కుతూ.

“ఉంటే ఉండనీ. రోగం అన్నప్పుడు తథాస్తన్నవాళ్ళు, డిశ్చార్జ్ అన్నప్పుడు మాత్రం అనరా? కాకపోతే నువ్వు సగంలో ఆపకూడదు. చివరిదాకా చెప్పాలి. సగంలో ఆపితే నా గతేంది?”

పానకాలు మూట దించి మంచం పక్కన పెట్టి, దుమ్ముకి తుమ్మి, సంగతేమిటో అర్థం కాకపోయినా గడప మీద కూర్చున్నాడు. రమ్య చేతులు కడుక్కుని వచ్చింది. ఆ పేజీలు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఒక్క గీత కూడా లేదు. ఆమె హెడ్డింగులు చూసుకుంది, చదివింది, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివింది. పొద్దు గుంకేదాకా కోటిరత్నం కదలకుండా పడుకునే ఉంది. చివరికి రమ్య పుస్తకం మూసింది.

“పొద్దున లేచేసరికి మొహం ఉబ్బుతుంది. కాళ్ళు వాస్తాయి. మూత్రం తగ్గిపోతుంది. ఒళ్ళు దురద. అన్నం సయించదు. కొబ్బరినీళ్ళు ఇవ్వకూడదు, అరటిపండు వద్దు. నీళ్ళు కొలిచి ఇవ్వాలి. అమ్మ నీళ్ళు నీళ్ళు అని...”

“అమ్మ కాదు. అత్త,” అంది కోటిరత్నం, కళ్ళు మూసుకునే.

“అత్తయ్య నీళ్ళడుగుతుంది.”

“ఇస్తావా?”

“కొంచెమే ఇస్తాను. పెదాలు తడుపుతాను. ఐసుముక్క చప్పరించమంటాను.”

“కసురుతావా?”

“కసరను. కసిరితే అలుగుతుంది.” ఏడుపులోనే చిన్న నవ్వు వచ్చింది రమ్యకి. ఆ నవ్వుతో ముందుకి కదిలింది. డయాలసిస్ గురించి చెప్పింది. సూది గుచ్చిన చెయ్యి ఎట్లా కాపాడుకోవాలో చెప్పింది. ఎప్పుడెప్పుడు రావాలో, ఏం తినాలో, ఏది కనపడితే వెంటనే పరుగెత్తుకు రావాలో ఇంటివాళ్ళకి ఎట్లా విడమర్చి చెప్పాలో చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. ఆఖరి మాట దగ్గర మాత్రం ఆగి, గట్టిగా ఊపిరి తీసుకుంది.

“ఆ తర్వాత అత్తయ్యని... ఇంటికి పంపిస్తాను.”

కోటిరత్నం కళ్ళు తెరిచి, పైవాళ్ళు ఏమన్నా అంటారేమోనని చూరు వంక చూసింది. ఎంతైనా అనుమానపు మనిషి. ఇంత ముఖ్యమైన మాట వాళ్ళకి వదిలెయ్యడానికి మనసొప్పలేదు.

“తథాస్తు,” అని తనే అనేసి, లేచి కూర్చుంది.